ఉగాదినాడు కొట్టేసిన వరుస

ఉగాది, మధ్యాహ్నం

తుమ్మలబోరు ఇంధన సంఘం ఈ ఏటి ప్రణాళిక ఈ రోజు పూర్తి చేసింది. పంచాంగం చదవడం అయ్యాక అదే షామియానా కింద సభ పెట్టుకున్నాం.

జిల్లా ఇంధన కచేరీ పంపే పట్టికలో ఐదు వరుసలుంటాయి: వంట, తాగునీరు, విత్తనాల గది, సల్లకొట్టం, ఇతరాలు. ఊళ్లో ఉన్న పేడ, పత్తికట్టె, మొద్దుకట్టె ఎంతో ఒక పక్కన రాయాలి. అవి ఎక్కడ ఖర్చవుతాయో రెండో పక్కన రాయాలి. రెండు పక్కలూ సమానం కావాలి. పేడ గ్యాసు గుంతకు పోతుంది, ఆ గ్యాసుతో ఇళ్లలో వంట. పత్తికట్టె నీళ్ల మోటారుకు. మొద్దుకట్టె మొత్తం సల్లకొట్టం బట్టీకి; ఎండకు తాళలేనివాళ్లను చల్లగా ఉంచే కొట్టం అది. ఇళ్లలో విడిగా కట్టె ఉంచుకునే వీలు లేదు. ఎవరి గట్టు మీది సుబాబుల్ కొట్టినా సంఘం దొడ్డికే చేరాలి.

నా పేరు గుగ్గిళ్ల అనసూర్య. ముప్పై ఏళ్లు మండల విలేకరిగా చేశాను. పత్రిక ఆగిపోయాక సంఘం ఈ నమోదు రాసే పని ఇచ్చింది. ఊళ్లో ఇప్పటికీ విలేకరమ్మ అనే పిలుస్తారు.

సంఘం అధ్యక్షురాలు కౌసల్య పట్టిక చదివాక ఆరో వరుస ఒకటి కలపాలంది.

"పోయిన ఎండకాలం పదకొండు పాడెలు లేసినయ్. ఒక్క చితికి పోయే కట్టెతోని సల్లకొట్టం ఒకటిన్నర రోజు నడుస్తది. నిరుడు వాన ముందొచ్చింది గనక బయటపడ్డం. ఈసారి దహనానికని ఒక వరుస రాద్దాం, కట్టె ముందుగాలనే తీసిపెడదాం."

ఉగాది పచ్చడి పంచుతున్న పిల్ల గరిటె పట్టుకుని నిలబడిపోయింది. ముందు వరుసలో కూర్చున్న రాజవీరు మొదట మాట్లాడాడు. ఆయన కౌసల్య తండ్రి, కోతమిల్లు నడిచినన్నాళ్లూ దాని మేస్త్రి. ఊళ్లో పెద్దవయసు మగాళ్లలో ఆయన మాటకు విలువ ఎక్కువ.

"ఏందే కౌసల్యా, పండుగ పూట పీనుగల ముచ్చట తీస్తివి. బతికున్నోళ్లకు కట్టె పేర్సుతవా?"

"పేర్లు రాస్తలేను బాపూ. లెక్కనే."

"అదే నేను చెప్పేది. లెక్క రాసినవనుకో, అది నిండేదాంక ఊకోదు. కొట్టెయ్."

కొట్టేయాలనేవాళ్లను చేతులెత్తమన్నారు. లెక్కపెట్టే అవసరం రాలేదు. కౌసల్య చెయ్యి, వెనక కూర్చున్న ఎస్తేరమ్మ చెయ్యి మాత్రం లేవలేదు. ఎస్తేరమ్మ పక్కావిడతో అంటుంటే విన్నాను: "మాకేంది? మేం మట్టికి పోయేటోళ్లం. మాకు కట్టె పనే లేదు."

ఆరో వరుస కొట్టేశారు. ఇంకో సంగతి కూడా రాయాలి. రాజవీరు పెరట్లో గోనెసంచుల కింద చండ్ర, నల్లమద్ది మొద్దుల పేర్పు ఒకటుంది. తన చితికి తానే కోతమిల్లు రోజుల్లో చేర్చి పెట్టుకున్నది. ఊరంతటికీ తెలుసు. బతికున్న మనిషి చితికట్టెను లెక్కవేయడం ఇక్కడి ఆనవాయితీ కాదు. కట్టె కొలవడానికి వెళ్లిన అమ్మాయిలిద్దరూ దాన్ని దాటి పక్కింటి పెరట్లోకి పోయారు.

ప్రణాళిక పంపాను. కచేరీ నుంచి జవాబు: "అందింది."

కృత్తిక కార్తె, మూడో రోజు

సల్లకొట్టం తెరిచాం. ఇది పాత బడి. కిటికీలు మూసేసి, కప్పు మీద వరిగడ్డి, సున్నం మందంగా వేశారు. వెనక దొడ్లో బట్టీ ఉంది. అందులో కట్టె సగం కాలి గ్యాసు అవుతుంది, ఆ గ్యాసుతో ఇంజను, ఇంజనుతో చల్లయంత్రాలు నడుస్తాయి. బట్టీ పొగగొట్టం ఒరిగితే ఊరి చివరి కరెంటు స్తంభం పీకి తెచ్చి ఊతగా పాతారు. ఆ స్తంభాలతో వేరే పనేం లేదు.

గోడకు, బుడ్డికి తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకం ఉంది; ఆ తడిగుడ్డ కొలత నేను చూస్తాను. గోదావరి పక్క ఊరు కాబట్టి మామూలు కొలత ఇక్కడ పనికిరాదు. గాలిలో తడి ఎక్కువైతే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. తడిగుడ్డ ముప్పై రెండు చూపిస్తే ముసలివాళ్లు, గర్భిణులు, పసిపిల్లలు లోపలికి రావాలి. ఈ రోజు పదకొండింటికే చూపించింది. నలభై మంది లోపలికి వచ్చారు.

బట్టీ నడిపేది ఓర్సు ఎల్లేశం. లోపల ఎంత చల్లగా ఉంటే బట్టీ దగ్గర అంత వేడిగా ఉంటుంది. అతను నడుముకు తడి తువ్వాలు కట్టుకుని గంటకోసారి తలుపు దగ్గరికి వస్తాడు.

"కూరగాయలు మంచిగున్నయా?" అని అరుస్తాడు. ఫ్రిజ్‌లో పెట్టిన కూరగాయలని ఎగతాళి.

"నీ అయ్య కూరగాయ," అంటుంది ఎస్తేరమ్మ తల్లి మార్తమ్మ. ఎనభై దాటాయి, చెవి బాగా వినపడుతుంది. "లోపల్నే ఉంటే పచ్చగున్నం. బయటికొస్తే వరుగులే."

ఎల్లేశం భార్య కోమల అతనికి మధ్యాహ్నం గంజి తెస్తుంది. తాగినంతసేపు గుమ్మంలో నిలబడి లోపలి గాలి తగలనివ్వమని ఈ రోజు బతిమాలింది. తలుపు తెరిస్తే కట్టె దండగని అతను వినలేదు.

కృత్తిక, ఎనిమిదో రోజు

పోగుల ఓదేలు చనిపోయాడు. గొర్ల దగ్గరికి పోయి మధ్యాహ్నానికి తిరిగి రాలేదు. తుమ్మ నీడన కూర్చున్నట్టే ఉన్నాడు, ఒళ్లు కాలిపోతోంది.

ఈ ఊళ్లో చావు జరిగితే ఇంటికో కట్టె ఇస్తారు. ఏ కుటుంబానికీ ఒక్కసారిగా అంత కట్టె దొరకదు కనుక పుట్టిన పద్ధతి. ఇప్పుడు ఇళ్లలో కట్టె లేదు. అందువల్ల ఇంటికో మనిషి సంఘం దొడ్డికొచ్చి, తలా ఒక మొద్దు భుజానికెత్తుకుని వల్లకాటికి నడిచాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ ఆపలేదు. కౌసల్య గేటు పక్కన నిలబడి చూసింది.

"ఏ వరుసల రాయమంటవు చిన్నమ్మా?" అని అడిగింది నన్ను.

ఇతరాలు అని రాశాను.

కృత్తిక, చివరి రోజు

ఇప్పటికి నాలుగు చితులు. ఐదో మనిషి ఎస్తేరమ్మ వాళ్ల వాడలోని ఆడమనిషి. ఆమెను బొందలగడ్డలో పాతిపెట్టారు. గడ్డపార దిగకపోతే బిందెలతో నీళ్లు పోసి నానబెట్టి తవ్వారు.

మిగిలిన మొద్దుకట్టె పదమూడు రోజులకు వస్తుంది. మృగశిర మొదటి రోజే వాన పడితే దానితో సరిపోతుంది. పడుతుందని ఎవరూ మాట ఇవ్వలేదు.

సాయంత్రం సంఘం కూర్చుంది. కాలువ కట్ట మీది చెట్లు కొడదామని కొందరన్నారు. అవి నంబరు చెట్లు. ప్రతి చెట్టుకూ బిళ్ల ఉంది. దూరదేశంలో ఎవరో తమ పొగకు బదులుగా ఆ చెట్ల గాలిని కొనుక్కున్నారు. కొమ్మ నరికితే కచేరీకి తెలుస్తుంది. నిరుడు పక్క ఊరివాళ్లు ఆరు చెట్లు కొట్టారు. నాటి నుంచి ఆ ఊరికి మందుల బండి పోవడం లేదు.

"మందుల బండి లేకుంటే నెలకు ఎంతమంది?" అని కౌసల్య అడిగింది. చెట్ల మాట అక్కడితో ఆగింది.

పేడగ్యాసు మళ్లించవచ్చా అని చర్చ జరిగింది. ఎండకు పశువులు మేత ముట్టడం లేదు. గుంతలో గ్యాసు వంటకే చాలడం లేదు. పత్తికట్టె తీస్తే నీళ్లు ఆగుతాయి. పట్టికలో ఏ వరుస నుంచి తీసినా ఇంకో చోట మనిషి ప్రాణానికే తగులుతోంది.

కచేరీకి పరిస్థితి వివరంగా రాశాను. "అందింది."

రోహిణి కార్తె, నాలుగో రోజు

మొన్న రెండు, నిన్న ఒకటి. ఏడు చితులు. కౌసల్య సల్లకొట్టం వేళలు తగ్గించింది. నలభై మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టును పదకొండు నుంచి రెండింటి దాకా, రెండో జట్టును రెండింటి నుంచి ఐదింటి దాకా లోపల ఉంచాలంది.

రెండో జట్టులో మార్తమ్మ పేరుంది. ఎస్తేరమ్మ గేటు దగ్గర అడ్డం నిలబడింది.

"నాకొక్కటి చెప్పు కౌసల్యా. నా ముసల్దాన్ని రెండు గొట్టేదాంక బయట ఎందుకు కూసోవెట్టాలె?"

"కట్టె తక్కువున్నది అక్కా."

"ఎట్ల తక్కువైంది? మావోళ్లు నలుగురు పోయిండ్రు ఇప్పటికి. ఒక్క పుల్ల అడిగినమా? మీ ఏడు పీనుగలు పదిరోజుల కట్టె కాల్చినయ్. కాల్చుకున్నోళ్లేమో లోపల, మేమేమో బయటనా?"

"మా బాపు కూడా రెండో జట్టే."

"మీ బాపుకు ఎనక సామాను మస్తుగుంది గదా. గోనెసంచుల కింద."

క్యూలో ఉన్నవాళ్లు తలలు దించుకున్నారు. ఆ పేర్పు గురించి నలుగురిలో నోరు విప్పి అనడం నేను వినడం ఇదే మొదలు.

రోహిణి, తొమ్మిదో రోజు

ఇంకో రెండు చితులు. ఈ రోజుకే కట్టె మిగిలింది. రేడియోలో వాన మాట లేదు.

కౌసల్య సల్లకొట్టంలోకి వచ్చి తండ్రి చాప పక్కన కూర్చుంది. లోపలున్న ఇరవై మందీ వినేలాగే అడిగింది.

"బాపూ, నీ కట్టె కావాలె."

రాజవీరు గోడకు ఆనుకుని ఉన్నాడు. "దేనికి?"

"బట్టీకి. అది ఏస్తే ఇంకో ఐదు రోజులు దాటుతం."

"మీ అమ్మ పోయిననాడు తడి తుమ్మ మొద్దులు దొరికినయ్. పూట గడిచినా కాలలే. నువ్వు చిన్నదానివి, నీకు ఎరుక లేదు. కట్టెతోని పొడిచి పొడిచి కాల్చిన నేను. ఆనాడే అనుకున్న, నాకట్ల కావొద్దని."

"ఎరుకనే బాపూ. నాకు తొమ్మిదేండ్లు."

"నేను సచ్చినంక అడుగు," అన్నాడు.

"సచ్చినంక అడిగితే నువ్వు ఇయ్యవు గద," అంది మార్తమ్మ పక్క చాప మీంచి. ఒకరిద్దరు నవ్వారు. రాజవీరు నవ్వలేదు.

రోహిణి, పదో రోజు

పొద్దున్నే కౌసల్య నలుగురిని వెంటబెట్టుకుని తండ్రి పెరట్లోకి పోయింది. గోనెసంచులు తీసింది. మొదటి మొద్దు తనే ఎత్తింది. సంఘం నిర్ణయం అని రాయమంది, రాశాను. సంఘం కూర్చోలేదన్నది కూడా రాస్తున్నాను.

బట్టీకి అగ్గిపెట్టెంత ముక్కలు కావాలి. పాతికేళ్లు ఎండిన చండ్ర. ముక్కల మిషనులో వేస్తే గంటలో బ్లేడు పగిలింది. కొత్త బ్లేడు పట్నం నుంచి రావాలి. ఎల్లేశం గొడ్డలి తీశాడు.

పదకొండింటికి బట్టీ అంటించి, ఈ రోజుకు రెండో జట్టునే ముందు లోపలికి పంపారు. మొదటి పొగ కిటికీ సందుల్లోంచి లోపలికి వస్తుంది. రాజవీరు తల పైకెత్తాడు. కోతమిల్లులో నలభై ఏళ్లు పనిచేసిన మనిషి.

"సండ్ర," అన్నాడు.

ఇంకోసారి గాలి పీల్చాడు.

"నాదే."

గోడవైపు తిరిగి పడుకున్నాడు. బయటికి పోతాడేమోనని కౌసల్య గుమ్మంలోనే నిలబడింది. ఆయన పోలేదు. తడిగుడ్డ ఆ వేళకు ముప్పై మూడు చూపిస్తోంది.

గంటకోసారి ఎల్లేశం కేక వినపడింది. "కూరగాయలు మంచిగున్నయా? ఇయ్యాల ఖరీదైన కట్టె, జర మర్యాదగ సల్లవడుండ్రి!"

రోహిణి, పన్నెండో రోజు

ఓర్సు ఎల్లేశం మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత బట్టీ దగ్గర పడిపోయాడు. వయసు నలభై నాలుగు. రెండు రోజులుగా చండ్ర చీలుస్తున్నాడు. సాయానికి ఇద్దరిని పెట్టారు కానీ మొదటివాడు నిన్న వాంతులతో పడుకున్నాడు, రెండోవాడు ఈ రోజు రాలేదు. సల్లకొట్టంలోకి మోసుకొచ్చి పడుకోబెట్టి తడిబట్టలు కప్పాం. ఒళ్లు చల్లబడలేదు. చెమట లేదు. మూడింటికి ఊపిరి ఆగింది. బట్టీ నడిపినన్నాళ్లలో అతను ఆ గదిలో ఉన్నది ఆ రెండు గంటలే.

దొడ్లో రాజవీరు కట్టె సగం మిగిలి ఉంది. అది ఒక చితికి సరిపోతుంది. లేదా సల్లకొట్టానికి రెండు రోజులు. వేరే కట్టె లేదు.

శవాన్ని మర్నాటి దాకా ఉంచే ఎండ కాదు. ఎస్తేరమ్మ ముందుగా మాట్లాడింది.

"కోమలా, మా బొందలగడ్డల జాగ ఉన్నది. మా పోరగాళ్లు తవ్వుతరు. నేను నిలవడి చేయిస్త చెల్లె."

కోమల లేచి నిలబడింది. ఏడవడం లేదు.

"మీ అందరికి కట్టె ఏసినోడు. ఆయనకు కట్టె లేదా?"

"లేదని కాదు చెల్లె..."

"చీల్చిన ముక్కలు గంపలల్ల ఉన్నయ్, నేను చూసొచ్చిన. ఆయన చీల్చినయే. అవి మీకు సల్లగాలికి కావాలె. ఆయన మాత్రం మన్నుల పండాలె. అంతేనా?"

కౌసల్య నావైపు చూసింది. ఆమె లోపల కూర్చున్నవాళ్లవైపు తిరిగి, "మీరే చెప్పుండ్రి," అంది.

అప్పుడు రాజవీరు చేతి కర్ర ఊతగా పెట్టుకుని లేచాడు.

"బట్టీ ఆర్పుండ్రి," అన్నాడు. "అది నా కట్టె. దాని మీద ఎవడు కాలాల్నో నేనే చెప్త. ఆనికియ్యుండ్రి."

"మరి మా అమ్మ?" అని ఎస్తేరమ్మ అడిగింది.

రేడియోలో రెండు రోజుల్లో వానన్నారని ఎవరో అన్నారు. మబ్బు కూడా పట్టిందన్నారు. నేను బయటికెళ్లి చూశాను. పడమట మబ్బు ఉన్న మాట నిజం.

ఇంటికో మనిషి వచ్చి తలా ఒక మొద్దు ఎత్తుకున్నాడు. చీల్చిన ముక్కలు గంపల్లో మోశారు. కోమల కూడా ఒక గంప మోసింది. చండ్ర బాగా మండుతుంది, పొగ తక్కువ. చీకటి పడకముందే అయిపోయింది.

మృగశిర కార్తె, రెండో రోజు

వాన రాలేదు. మబ్బు వల్ల గాలి ఆగి ఉక్క పెరిగింది. తడిగుడ్డ మధ్యాహ్నానికి ముప్పై నాలుగు చూపించింది. ఈ ఊళ్లో నేను రాసిన అంకెల్లో ఇదే పెద్దది.

సల్లకొట్టం తలుపులు తెరిచి పెట్టాం. మందపు కప్పు వేడిని లోపలే పట్టుకుంది. అందరినీ కాలువకు తీసుకుపోయి నీళ్లలో కూర్చోబెట్టాలని కౌసల్య ప్రయత్నించింది. కాలువ నీళ్లు కూడా వెచ్చగా ఉన్నాయి. నడవగలిగినవాళ్లు పోయారు. రాజవీరును ఇద్దరు మోసుకెళ్లి మెడదాకా నీళ్లలో ఉంచారు.

నిన్న ఇద్దరు, ఈ రోజు ముగ్గురు చనిపోయారు. మార్తమ్మ ఈ రోజు పదకొండింటికి పోయింది. కాలువకు బయల్దేరదీసేలోపే. నలుగురివి దహనం చేసే ఇళ్లు. వాళ్లకు కట్టె లేదు. ఐదుగురినీ బొందలగడ్డకే తీసుకుపోయారు. నేల నానబెట్టడానికి తాగునీళ్ల తొట్టి ఖాళీ అయింది. ఒక గడ్డపార వంగిపోయింది. గుంతలు మోకాటి లోతే వచ్చాయి. పైన రాళ్లు పేర్చారు.

తల్లిని పూడ్చాక ఎస్తేరమ్మ తిన్నగా కౌసల్య దగ్గరికి వచ్చింది.

"నా తల్లి తన పేరు మీద ఒక్క పుల్ల కాల్చుకోలే. మీ కట్టె నా తల్లిని తిన్నది. గిది రాయమను మీ విలేకరమ్మను."

రాశాను.

కొంచెం దూరంలో చెట్టు మొదట్లో తడిబట్టలతో కూర్చుని ఉన్న రాజవీరుకు ఆ మాట వినపడింది. ఎస్తేరమ్మ ఆయనవైపు కూడా చూసింది. ఆయన చూపు తిప్పుకోలేదు.

మృగశిర, నాలుగో రోజు

తెల్లవారుజామున వాన మొదలైంది. మధ్యాహ్నానికి తడిగుడ్డ ఇరవై ఆరు. సల్లకొట్టం మూసేశాం. చాపలు ఎండకాలం చివర ఉతికి ఆరేసేది ఎల్లేశమే. ఈసారి కోమల వచ్చి, ఎవరూ చెప్పకుండానే ఉతికింది.

కచేరీకి ఎండకాలం నివేదిక పంపాను. చనిపోయినవారు ఇరవై ఇద్దరు. ఖర్చయిన కట్టెలో మూడో వంతు "ఇతరాలు" వరుసలో ఉంది. ఆ వరుస ఏమిటో కింద వివరంగా రాశాను.

"అందింది."

ఆరుద్ర కార్తె, ఆరో రోజు

వచ్చే ఏటి ప్రణాళికకు ఉగాది దాకా ఆగొద్దని కౌసల్య ఈ రోజే సభ పిలిచింది. పండుగ కాదు, షామియానా లేదు. నాట్లకు పోవాల్సినవాళ్లు గొడుగులతో, కాళ్లకు బురదతో సల్లకొట్టంలో నిలబడ్డారు.

ఆమె ఐదు వరుసలూ చదివింది. ఆరోది తన చేత్తో రాసి తెచ్చింది. పైన "దహనం" అని ఉంది. ఎదురుగా ఖాళీ.

"ఎంతమందికి రాయమంటరు?" అని అడిగింది.

ఎవరికీ అంకె నోట రావడం లేదు.

రాజవీరు అందరికంటే వెనక, గోడ దగ్గర ఉన్నాడు. ఎండకాలం తర్వాత సగమైపోయాడు. ఆయన మాట్లాడబోతే కౌసల్య ముఖం బిగుసుకుంది, మళ్లీ అదే అంటాడనుకుని ఉంటుంది.

"విలేకరమ్మా, అండ్ల నా పేరు రాయి."

"పేర్లు కాదు, లెక్కే చాలు," అన్నాను.

"పేరే రాయి. పేరు రాసి కట్టె కాడ సున్న పెట్టు. నేను మట్టికి పోత."

రాశాను. పోగుల ఓదేలు అన్న లేచి తన పేరూ సున్నతో రాయించాడు. తర్వాత ఇంకొందరు. అందరూ కాదు. ఇద్దరు ముగ్గురు బయటికి నడిచారు, వాళ్లలో ఒకతను గుమ్మంలో ఉమ్మేసి పోయాడు. కోమల తన పేరు రాయించలేదు. ఆమెను ఎవరూ అడగలేదు.

పద్నాలుగు పేర్లయ్యాయి. కౌసల్య పట్టిక మడవబోతుంటే ఎస్తేరమ్మ ముందుకొచ్చింది. తల్లి పోయాక ఆమె సంఘం గడప తొక్కడం ఇదే మొదలు.

"రాసుడు అయిపోయిందా? గుంతలెప్పుడు తవ్వుతరు? రోహిణిలనా?"

ఆమె పట్టిక వైపు వేలు చూపించింది.

"మొన్న గడ్డపార వంగింది. మా అమ్మ మీద రాళ్లు పేర్చినం, నక్కలు రాకుంట పదిహేను రోజులు కావలి పండిన నేను. తవ్వేదుంటే ఇప్పుడే తవ్వుండ్రి, నేల మెత్తగున్నప్పుడు."

"బతికున్నోళ్లకు గుంతలా?" అన్నారెవరో. "గుంత తవ్వి పెడితే అది నిండేదాంక ఊకుంటదా?"

ఎస్తేరమ్మ ఆ గొంతు ఎవరిదని వెతకలేదు. వెనకనున్న రాజవీరు వైపే తిరిగింది.

"మొన్న లెక్క రాయలే గదా. నిండలేదా?"

ఆరుద్ర, పదో రోజు

బొందలగడ్డను ఆనుకుని ఉన్న పోరంబోకులో తవ్వకం ఈ రోజు ముగిసింది. నాట్ల పనిలోంచి ఇంటికొకరు వచ్చారు. మొదట ఎస్తేరమ్మ వాడవాళ్లే పలుగు పట్టారు. మధ్యాహ్నానికి మిగతావాళ్లూ దిగారు. నేల మెత్తగా ఉంది, ఛాతీ లోతుకు తేలిగ్గా వచ్చింది. నీళ్లు నిలవకుండా ఒక పక్క వాలుగా కాలువ తీశారు. పశువులు పడకుండా పైన వేయడానికి తాటి దుంగలు, రేకులు తెచ్చారు. ఎండకాలం వచ్చాక ఈ దుంగలు బట్టీకి తీసుకోవచ్చునని కౌసల్య పట్టికలో రాయించింది.

పద్నాలుగు పేర్లున్నా ఇరవై గుంతలు తవ్వారు. ఎక్కువ ఎందుకని ఎవరూ అడగలేదు.

సాయంత్రం రాజవీరు వచ్చాడు. కౌసల్య చెయ్యి పట్టుకుని నడిపించింది. వరుసలో తనది ఏదని అడిగాడు. చివరిది చూపించారు. కర్ర పక్కన పడేసి, అంచు పట్టుకుని మెల్లగా లోపలికి దిగాడు. కౌసల్య వద్దంటున్నా వినలేదు. వెల్లకిలా పడుకుని చేతులు పక్కన పెట్టుకున్నాడు. పైనుంచి సన్నగా తుంపర పడుతోంది.

"కాళ్ల కాడ ఇరుకైతంది," అన్నాడు.

పలుగు పట్టుకుని ఉన్న ఎస్తేరమ్మ లోపలికి దిగింది.

"కాళ్లు ముడుచుకో మామా," అంది. ఆయన ముడుచుకున్నాడు. ఆమె ఇంకో జానెడు తవ్వి, "ఇప్పుడు సాపు," అంది.